ఆటలో నీ ఇల్లు

సుధా,

చివరి రోజు సోమాజిగూడ ఆసుపత్రిలో నువ్వు సగం ఇడ్లీ తిన్నావు. ఫ్యాను తగ్గించమన్నావు. మధ్యాహ్నం నేను మందులు తెచ్చేలోపు పోయావు. నెల దాటింది.

ఈ రోజు నీ ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. పంపినవాడి పేరు పెద్రో, ఉండేది బ్రెజిల్. నువ్వు ఆన్‌లైన్‌లో ఆడే ఆటలో మీ జట్టువాడట. ఆటలో కట్టుకున్న ఇంటికి యజమాని చాన్నాళ్ళు రాకపోతే కంపెనీ దాన్ని తీసేస్తుందట. నీ ఇంటికి ఇంకో అయిదు రోజులే గడువు, పాస్‌వర్డ్ ఇస్తే తానే నీ పేరుతో వెళ్ళి తలుపు తీసి ఇల్లు నిలబెడతానన్నాడు. ఆ ఇంటి ఫొటో కూడా పంపాడు. ఆటలోనూ గుమ్మానికి నువ్వు పసుపు రంగే వేశావు. అయినా నాకు నమ్మకం కలగలేదు.

అమీర్‌పేట మెట్రో కింద సెల్‌ఫోన్ షాపు యాదగిరికి చూపించాను.

"ఇయ్యకుండ్రి సార్. పోయినోళ్ల పేరు జెప్పి మస్తు మోసాలు జేస్తుండ్రు. జర పైలం," అన్నాడు.

అందుకే పెద్రోకు పరీక్ష పెట్టాను. ఆట ముగించేటప్పుడు నువ్వేమనేదానివని అడిగాను. "వెళ్ళొస్తా" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు.

"బై అంటే తిట్టేది. పోతున్నానని ఎవరూ అనకూడదట. ఇప్పుడు జట్టులోని కొరియావాళ్ళతో సహా మేమంతా అదే అంటాం," అన్నాడు.

నువ్వే నేర్పి ఉంటావు. అంతమాత్రాన మంచివాడని ఎలా నమ్మను? పాస్‌వర్డ్ ఇవ్వను. రేపు పొద్దున నేనే లాగిన్ అవుతాను. తలుపు ఎలా తీయాలో మాత్రం పెద్రోనే అడుగుతాను.