‘గంజి చేతులు’ సినిమా నాలుగో రీలు ఎవరికి చెందాలి

ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్ కాపురస్తుడు, ఇరవై రెండేళ్ల థాడియస్ పర్విస్ అనే నేను స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. గురువారం సైన్యంలో చేరుతున్నాను. నల్లవాణ్ణి యుద్ధానికి పిలిచిన ప్రభుత్వం క్షేమంగా తిరిగి పంపుతుందని ఏ కరపత్రంలోనూ చదవలేదు.

1. మా అమ్మ లవీనియాకు నా గడియారం, మంచం, కూలీల హక్కుల కరపత్రాల కట్ట. పొయ్యి రాజేసేముందు వాటిని ఎవరిచేతనైనా ఒకసారి చదివించుకోవాలి.

2. మేనమామ ఎజెల్ క్రోకెట్‌కు, మేమిద్దరం తీసిన ‘గంజి చేతులు’లో నాలుగోది తప్ప మిగతా ఐదు రీళ్లు. ఉన్నది ఒకటే ప్రింటు. అందులో లాండ్రీ యజమాని వేషం ఆయనదే. వేషం తీసేసినా ఆ నడక పోలేదని నా అనుమానం.

3. నాలుగో రీలు ఆయనకు చెందదు. అందులో మా అమ్మ, మరో పదకొండుమంది చాకలిపని ఆడవాళ్లు పని మానేసి, ఇస్త్రీపెట్టెలు దించేసి కదలకుండా నిలబడతారు. సెన్సారు వాళ్లు ఆ దృశ్యం తీసేయమన్నారు. “నాలుగు నిమిషాలు పోతే కొంపేం మునగదురా, బొమ్మ ఆడాలిగా” అన్నాడు మామయ్య. మర్నాడే ఆయన జేబులో కొత్త కత్తెర చూశాను. గోళ్లు తీసుకోవడానికట. అంత కత్తెరతో గోళ్లు తీసుకునేవాణ్ణి నేనెరగను.

4. ఆ రీలు, వీలునామా అమలు బాధ్యత, మా పేట థియేటరులో బొమ్మ ఆడించే ఒడెస్సా టార్వర్‌కు. ఆమెనూ అనుమానించాను. మా బొమ్మ పరీక్షకు వేసిన రోజు నేను ఆమె వెనక కూర్చుని ఆమె చేతులే చూస్తుంటే, “తెర అటుంది తమ్ముడూ” అంది. బొమ్మ అయ్యాక, “మొహాలు అంత దగ్గరగా తీశావు. తెల్లమ్మలు గుర్తుపడితే సోమవారం వీళ్లకు ఉతుకుబట్టల మూటలెవరిస్తారు, నీ కరపత్రాలా?” అంది. మామయ్య మనిషనుకుని మూడు రోజులు మాట్లాడలేదు. చాటుగా కోసేవాళ్లు ఎదురుగా అంత మాట అనరని తర్వాత తోచింది.

5. బయట ఎక్కడైనా ఆడించేముందు ఆరు రీళ్లూ కలిపి ఆ పన్నెండుమందికీ చూపాలి. మామయ్య తన రీళ్లు దాస్తే ఆయన వాటా రద్దు. ఆ దృశ్యం ఉంచాలో కోయాలో వాళ్లే చెప్పాలి. సెన్సారు మాట, మామయ్య మాట, నా మాట చెల్లవు. నిలబడమని చెప్పానే గానీ, ఊరంతా చూడొచ్చా అని నేను వాళ్లనెప్పుడూ అడగలేదు.

1942 నవంబరు 9, జాక్సన్‌విల్.

(సం.) థాడియస్ పర్విస్

సాక్షులు: సీఫస్ నెటిల్స్, క్షౌరశాల యజమాని, ఆర్విల్ డాకెట్, చర్చి పెద్ద. ఇద్దరూ మొత్తం చదివాకే సంతకం చేశారు. నేను పక్కనే నిలబడ్డాను.