అన్నీ పన్నెండు వోల్టులే

మార్చి 9, శనివారం

ఒళ్ళు మండిపోతోంది. ఇవాళ దుగ్నాద్. ఊరంతా జీతం లేకుండా, వాఫల్స్ తింటూ పని చేసే రోజు. కొండమీది రెస్క్యూ గుడిసెలో రేడియోకి, లైట్లకి కరెంటు చాలడం లేదని తలా ఒక బ్యాటరీ తెచ్చారు. ఆస్‌బ్యోర్గ్ పెద్దమ్మ, పోయిన భర్త పడవలోని పాత లెడ్ బ్యాటరీ. ఇంకొకరు జెల్ బ్యాటరీ. పళ్ళ డాక్టరు కొత్త లిథియం. సంఘం పెద్ద గుడ్‌మున్ అన్నింటినీ ఒకే వైరుకు కలిపి, జనరేటర్ నుంచి తన పడవ చార్జర్ తగిలించాడు.

వద్దన్నాను. పడవల షెడ్డులో నా పనే ఇది. ఒక్కో రకం ఒక్కో వోల్టేజి దగ్గర నిండుతుంది. పాతది లోపల చెడితే మిగతావన్నీ అందులోకే కుమ్మరిస్తాయి, చార్జర్ ఇంకా నిండలేదనుకుని తోస్తూనే ఉంటుంది. ఒకే రకం, ఒకే వయసువి పెట్టండి, వాటికి తగిన చార్జర్ కొనండి అన్నాను. అన్నీ పన్నెండు వోల్టులే కదే పిల్లా, పక్కపక్కన కూర్చుంటే కొట్టుకుంటాయా అని గుడ్‌మున్ నవ్వాడు. ఆస్‌బ్యోర్గ్ కళ్ళు తుడుచుకుంది. అంతే, అందరూ నన్నే చూశారు. దుగ్నాద్‌కి తెచ్చినదాన్ని వద్దనకూడదు.

వాఫల్ ముట్టకుండా వచ్చేశాను.

మార్చి 12

గుడ్‌మున్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. తీసేస్తే ఆస్‌బ్యోర్గ్ బాధపడుతుందట.

మార్చి 27

ఈస్టర్ సెలవుల్లో మంచుకొండకి వచ్చేవాళ్ళ కాపలాకి అక్క సిన్నెవె తోటివాళ్ళతో కొండెక్కింది. పడక ఆ బ్యాటరీల పెట్టె పక్కనే. వెళ్ళొద్దన్నాను. నీకు ప్రతి వైరులోనూ దయ్యమే కనిపిస్తుంది పోవే అంది.

మార్చి 29, మధ్యాహ్నం

అక్క ఫోన్. నవ్వుతోంది. ఎవరో ఈస్టర్‌కని ఉడికించిన గుడ్డు ఎక్కడో పారేసుకున్నారట, గుడిసెంతా కుళ్ళు కంపట, పొద్దుటి నుంచి సంచులన్నీ వెతుకుతున్నారట. తలనొప్పిగా కూడా ఉందంది. గుడ్డు కాదక్కా, ఉడికిపోతున్న బ్యాటరీ వదిలే విషపు గ్యాస్ అని అరిచాను. అందరూ బయటికి రండి, బయట జనరేటర్ ఆపండి, మళ్ళీ లోపలికి పోవద్దు అన్నాను. ఇప్పుడు వాసన పోయిందిలేవే అంది.

పోయింది వాసన కాదు, నీ ముక్కు, ఇప్పుడే బయటికి పరుగెత్తండి అని కేకేశాను. ఆ గ్యాస్ ముందు ముక్కునే చంపుతుంది.

సాయంత్రం

గుడ్‌మున్ స్నోస్కూటర్ మీద వెళ్ళాం. అందరూ బయటే ఉన్నారు. అక్క మంచులో కూర్చుని వాంతి చేసుకుంటోంది. బతికే ఉంది. తలుపులు తెరిచి చాలాసేపు ఆగాక పెట్టె చూశాం. ఆస్‌బ్యోర్గ్ బ్యాటరీ పొట్ట ఉబ్బి, చెయ్యి దగ్గర పెడితే ఇంకా కాలుతోంది. ఆవిడకేం చెప్పను అని గొణిగాడు గుడ్‌మున్. ముందు మా అక్కకేం చెబుతారో చూసుకోండి అన్నాను.

మార్చి 31, ఈస్టర్

అక్క గుడ్డు ఒలిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసనేమైనా వస్తోందా అని నన్నడిగింది. లేదన్నాను. గుడ్డు పక్కన పెట్టి, లేచి వెళ్ళి తలుపు తెరిచింది.