ముందు పీట మీది బరువు

జిగ్గర్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్
ఆగస్టు నెల

ఇంజన్ల కొట్టు గార్లండ్ బాబుకి, హెడ్లీ రాస్తున్నది.

నా రాత కోడి కెలికినట్టుంటుంది. తప్పులూ ఉంటాయి. నాలుగో తరగతిలోనే బడి మాని వల పట్టాను. మన్నించు.

నీ దగ్గర కొన్న పడవ ఇంజను కాగిపోతోంది. అఖాతం మధ్యకొచ్చేసరికి వెనక సన్నగా చిమ్మే నీళ్లు ఆగిపోతాయి. పొగ లేస్తుంది. ఆపేస్తాను. ఆదివారం అవతలి ఒడ్డు చర్చికి చేరేసరికి జనం ఇళ్లకు పోతున్నారు.

ఇక సెలవు.
హెడ్లీ

తా.క. మళ్లీ ఆగితే మా రేవులోనే ఉండే ఎల్డన్ పడవలో చర్చికి వెళతానని మా ఊళ్లో ఒకరన్నారు. అది నాకు కష్టంగా ఉంటుంది.

*

హెడ్లీ పెద్దాయనకి, దండాలు.

నీళ్లు పీల్చే చోట నాచు పట్టిందేమో గోకి చూడు. పంపులో రబ్బరు రెక్కల చక్రం అరిగి ఉంటుంది, కొత్తది పంపుతున్నాను. బిగించాక పీపాలో నీళ్లు పోసి నడిపి చూడు.

నీ
గార్లండ్

తా.క. ఎల్డన్ ఇంజను కూడా నేను అమ్మిందే. అది ఒక్కసారీ ఆగలేదు.

*

గార్లండ్ బాబుకి,

నాచు లేదు. చక్రం మార్చాను. పీపాలో నడిపితే ఊరంతా వచ్చి చూసింది, బాగానే నడిచింది. నేనొక్కణ్ణే వెళితే సముద్రంలోనూ నడుస్తోంది. ముందు పీట మీద బరువుంటేనే పేచీ. నేనా, ఎండబెట్టిన చేపంత మనిషిని. ఆ బరువు ఏమిటో, ఎంతో రాయడం మర్యాద కాదు.

హెడ్లీ

తా.క. ఈ ఆదివారం చెయ్యి నొప్పని వంక పెట్టి పడవ తియ్యలేదు. ఎన్నాళ్లని నొప్పి పెడుతుంది?

*

పెద్దాయనా,

అర్థమైంది. వేట కాలం కాని కాలంలో కొట్టిన మూస్ దుప్పి మాంసం. నేనెవరికీ చెప్పను.

ముందు బరువెక్కితే పడవ ముక్కు మునుగుతుంది, తోక లేస్తుంది. ఇంజను నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. కాగక ఏం చేస్తుంది? దాన్ని వెనక్కి ఈడ్చి, నీ పక్కన పెట్టుకో. కదలకుండా తాడేసి కట్టు. ఎవరి కంటా పడకుండా టార్పాలిన్ కప్పు.

గార్లండ్

తా.క. తొడ ముక్క ఒకటి నాకు ఉంచు.

*

బాబూ,

తాడు కుదరదు. టార్పాలిన్ అసలే కుదరదు.

ఆవిడ పేరు మెల్వినా. భర్త పోయి చాలా కాలమైంది. మా రేవులో ఆడవాళ్లని ముందు పీట మీదే కూర్చోబెడతాం. వెనక, ఇంజను పక్కన, కట్టుకున్నదే కూర్చుంటుంది. ఇక్కడికొచ్చి కూర్చోమని నేనెలా అనను? అనకపోతే ఎల్డన్ పడవ ఎక్కుతుంది. ఈ ఆదివారంతో తేలిపోతుంది.

హెడ్లీ

తా.క. తొడ ముక్క మాట వెనక్కి తీసుకో.

*

గార్లండ్ బాబుకి, ఆ బరువు రాస్తున్నది.

మొన్న ఆదివారం అఖాతం మధ్యలో ఇంజను పొగలు కక్కింది. మీ హెడ్లీ నీ ఉత్తరం నా చేతిలో పెట్టి సముద్రం వైపు తిరిగాడు. టార్పాలిన్ దాకా చదివాను. లేచి వెనక్కొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఇంజను చల్లారాక బయల్దేరాం, మళ్లీ ఆగలేదు. రేవులో అందరూ చూశారు. ఎల్డన్ టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు.

ముందు బరువైతే ఇంజను గాలి పీలుస్తుందని నాకు మొదటి ఆదివారమే తెలుసు, బాబూ. మా ఆయన బతికినన్నాళ్లూ ఈ నీళ్లలోనే చేపలు పట్టాడు. ఈయన నోరు తెరిచి వెనక్కి రమ్మంటాడేమోనని ముందు పీట పట్టుకు కూర్చున్నాను. ఎల్డన్ పేరెత్తిందీ అందుకే.

ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నాడు గానీ, ఆ తర్వాత అడగాల్సింది అడగడు. "గాలి బాగుంది మెల్వినా" అంటాడు. గాలి నాకూ తగులుతోంది.

నువ్వు రాస్తే మాత్రం అక్షరం తప్పకుండా చేస్తాడు. కాబట్టి ఇంజను సంగతి రాసినట్టే రాయి: ముందు టోపీ తియ్యి, తర్వాత గొంతు సవరించుకో, తర్వాత ఫలానా మాట అడుగు అని. నా జవాబు సిద్ధంగా ఉంది.

ఉంటాను,
మెల్వినా

తా.క. మంచు పడితే పడవలు ఒడ్డెక్కించేస్తారు. ఆలస్యం చెయ్యక ఆయనకి ఉత్తరం రాయి నాయనా.