నాన్న తోలు ఒర

బెల్ క్రీక్, కెంటకీ

నాడీన్ అక్కా, ఇక్కడ నేనూ నా కోళ్లూ కులాసా. కొనమని నువ్వు పోరుతున్న తుపాకీ ఎట్టకేలకు కొన్నాను. చేతిలో ఉన్నది మూడు వందల డాలర్లే. ఓర్విల్ కొట్లో తళతళలాడే బుల్లి పిస్తోలు మీద మనసు పడ్డాను గానీ, గుండు ఎక్కించడానికి ఈ కీళ్లనొప్పుల వేళ్లతో దాని పైభాగం వెనక్కి లాగలేకపోయాను. ఓర్విల్ నవ్వి, షెరీఫు ఆఫీసువాళ్లు అమ్మేసిన పాత రివాల్వర్ తీశాడు. రంగంతా అరిగిపోయి ఉంది.

"ఎన్ని యుద్ధాలు చేసిందేంటి?" అన్నాను.

"యుద్ధమా, నా మొహమా! షెరీఫు కింది డెప్యూటీలు మోస్తారేగానీ పేల్చరమ్మా. మీ నాన్న అన్నేళ్లు డెప్యూటీగా చేసి పేల్చాడా ఏనాడైనా? ఒరలో రాసుకునే అరిగింది. లోపలంతా కొత్తదే" అన్నాడు.

నిన్న పెరట్లో ఆరు గుండ్లకు అయిదు డబ్బాలు పడగొట్టాను! కోళ్ల మీద పడే నక్క ఆ చప్పుడుకే పత్తా లేదు.

నీ మోకాలెలా ఉంది? పీచ్ జామ్ గట్టిపడిందా? అన్నట్టు, నాన్న తుపాకీ పెట్టుకున్న తోలు ఒరలో బట్టల క్లిప్పులు వేస్తున్నావుగా, దులిపేసి వెంటనే పంపు. ఈ రివాల్వరూ ఆ కొలతే. క్లిప్పులకు పూలసంచి కుట్టి పంపుతాను.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నాకు గురి లేదన్న బావతో చెప్పు, ఆరో డబ్బా ఆయన కోసమే ఉంచాను.

నీ చెల్లి ట్వైలా