మలుపు కాడి సున్నపు రాళ్లు

వర్ధన్నపేట దారి,
భాద్రపదం, 1984

చిరంజీవి గట్టయ్యకు అవ్వ దీవించి రాయించేది. ఇక్కడ మేమంతా కడుపుకు ఇంత తిని తిరుగుతూనే ఉన్నాం. ఆ ఆసిఫాబాద్ అడవిలో జ్వరం గిరం లేకుండా నువ్వూ బాగానే ఉన్నావని తలుస్తాను. నేను చెబుతుంటే మన వెనకింటి పద్మ బీడీల చాట పక్కన పెట్టి రాస్తున్నది. నా మాటను చదువుకున్నవాళ్ల మాటగా దిద్దుతున్నది. దిద్దనిచ్చాను కానీ, తిట్టు వచ్చిన చోట తీసెయ్యొద్దని చెప్పాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కన్ను బాగుంది. మందు చుక్క వేస్తే మండుతుంది, చూపు మాత్రం నిలిచింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. అవార్డు కమిటీ వాళ్లు వచ్చేదాకా రోడ్డు మీద పెసరకాయ ఆరబోయొద్దని ఊళ్లో చెప్పమన్నావు. చెప్పాను. ఉప్పలయ్య ఊరుకుంటాడా? "తారు రోడ్డు ఏసిందే బస్సులతోని కాయ తొక్కించెటందుకు గదనే వదినా. అవార్డు నీ కొడుక్కు, నడుం నొప్పి నాకు" అన్నాడు. అంటూనే కాయంతా ఎత్తి, రోడ్డు ఊడ్చి పోయాడు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. కంట్రాక్టర్ల సంఘం వాళ్లు ఈ ఏటి మంచి రోడ్లలో మన రోడ్డును కూడా ఎంచారని, కమిటీ చూసి మెచ్చితే హైదరాబాద్‌లో కంట్రాక్టరు సేటుతో పాటు నీకూ శాలువా కప్పుతారని, అటు తర్వాత సేటు ఒక పని నీ చేతికే సొంతంగా ఇస్తానన్నాడని రాశావు. తారు పొగ మింగి మేస్త్రీ అయిన కొడుకు స్టేజీ ఎక్కుతానంటే ఏ తల్లి వద్దంటుంది? రోడ్డు మంచిదే. ఇన్ని వానలు పడ్డా ఒక్క గుంత లేదు. బస్సులో ఒళ్లో నీళ్ల చెంబు పెట్టుకుంటే తొణకదు.

ఇక బక్కమ్మ సంగతి. నువ్వు అడగలేదు. ఏ ఉత్తరంలోనూ అడగవు.

ఆమె బిడ్డ మొగిలమ్మ మన మాట మీదే ఆ రోడ్డు పనికి వచ్చింది. "అన్న ఉన్నడు గద పెద్దమ్మా, నాకేం ఫికర్" అని నా ముందే గంప ఎత్తుకుని పోయింది. వాగు మలుపు కాడ కాగే తారు డ్రమ్ము ఒరిగి మీద పడితే, దవాఖానకు చేరకముందే పోయింది. పడ్డ చోట నువ్వే ఏడ్చుకుంటూ ఒక రాయి పాతి పసుపు రాశావు. బక్కమ్మ అమాస అమాసకు పోయి, ఆ రాయి మీద ఇంత కల్లు సాక పోసి, "తాగు బిడ్డా" అని కాసేపు ముచ్చట పెట్టి వచ్చేది. రాయి ఉన్నన్నాళ్లు ఆమె మనిషిగానే ఉంది.

ఎండాకాలంలో, నువ్వు ఆసిఫాబాద్ పోయే ముందు, బండ్లు వాగులో పడకుండా మలుపు పొడుగునా రాళ్లు పాతించావు. నేను అప్పుడు కంటికి పట్టీ కట్టుకుని ఇంట్లో ఉన్నాను. మొగిలమ్మ రాయి కూడా అదే క్వారీ రాయి కదా. దాన్నీ పెకిలించి వరుసలో కలిపి, అన్నిటికీ సున్నం కొట్టేశారు. కూలివాళ్లు తెలియక చేశారో, చూడముచ్చటగా ఉండాలని ఎవరన్నా చేయించారో నాకు తెలియదు.

అప్పటి నుంచి బక్కమ్మ రాయి రాయికీ తిరుగుతుంది. వంగి ఒక్కోదాని మీద చెయ్యి వేస్తుంది. "ఇది సూడక్కా, జర ఎచ్చగున్నది. ఇదేనంటవా?" అంటుంది. ఎండకు అన్నీ వెచ్చగానే ఉంటాయి.

నాకూ నిమ్మళం లేదురా. బస్సు కోసం ఆ మలుపులో నిలబడితే పట్టపగలే వెనక నుంచి "పెద్దమ్మా" అని వినబడుతుంది. తిరిగి చూస్తే రాళ్లన్నీ తెల్లగా, ఒక్క తీరుగా నిలబడి ఉంటాయి. పిలిచింది ఏదో తెలియదు. ఏమని పలకాలి?

కమిటీ వచ్చిందా, ఏమన్నది అని అడిగావు. ఇంతసేపు ఆ మాట దాటవేస్తూ వచ్చాను. వచ్చింది. వాళ్లు వచ్చే పొద్దున నేనూ బక్కమ్మా గంజులో పసుపు కలుపుకుని పోయి రాళ్లన్నిటికీ పూశాం. అన్నిటికీ బొట్లు పెట్టాం. అన్నిటికీ సాక పోశాం. ఆలోచన నాది, ఆమెది కాదు. ఏది ఆ పిల్లదో తెలియనప్పుడు అన్నీ ఆ పిల్లవే.

జీపు దిగిన కళ్లద్దాల పెద్దమనిషి నవ్వాడు. "ఏందమ్మా, ఒక్క మలుపుకు ఇంతమంది దేవుండ్లా?"

"దేవుండ్లు కాదయ్యా, ఆడిపిల్ల. ఈ రోడ్డు పనిల సచ్చిపోయింది. ఏ రాయి దానిదో మీరే అడిగి చెప్పుండ్రి" అన్నాను.

సేటు మనిషి ఎల్లస్వామి ఉరికి వచ్చాడు. "ముసలోళ్లు సార్, మతి లేదు. ఈ పనిల ఎవలకు గోరు సుత ఊడలేదు."

బక్కమ్మ కల్లు ముంత కింద పెట్టింది. కోపం లేదు, ఏడుపు లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"మరి నేనెవలి అవ్వనయ్యా?"

కళ్లద్దాలాయన ఆ రాళ్ల పొడుగునా చివరిదాకా నడిచి, వచ్చి జీపెక్కాడు. ఎల్లస్వామి పోతూ పోతూ నా వంక చూసి "కన్న కొడుకు నోట్ల మన్ను కొట్టినవే ముసలిదానా" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. నేనన్నది పద్మ రాయనంటున్నది.

అవార్డు ఇస్తారో మానుతారో నాకు తెలియదు. రాకపోతే నన్ను తిట్టు, పడతాను. సేటు నీకు పని ఇవ్వకపోతే అది కూడా నా వల్లనే. కానీ పెత్రమాస దగ్గరికొచ్చింది. చచ్చినవాళ్లను ఇంటింటా తలుచుకునే రోజు. ఆ రోజు బక్కమ్మ ఏ రాయి ముందు విస్తరి పెట్టాలి? స్టేజీ ఎక్కినా ఎక్కకపోయినా ఆనాటికి రా. వచ్చి ఆ రాయి చూపించు.

బక్కమ్మ ఇప్పటిదాకా ఈ గడపలోనే కూర్చుని అన్నీ విన్నది. ఇప్పుడే బిందె తీసుకుని నీళ్లకు పోయింది. తిరిగి వచ్చేలోపు ఒక్క మాట రాయిస్తున్నాను. అది ఏ రాయో నీకూ తెలియకపోతే, ఆ సంగతి ఉత్తరంలో రాయకు. నీ ఉత్తరం వస్తే పద్మ గట్టిగా చదవాలి. నాకంటే ముందు బక్కమ్మ వచ్చి కూర్చుంటుంది. నువ్వే రా. ముందు నాకొక్కదానికే, చెవిలో చెప్పు.

బిందె చప్పుడు దగ్గరికొచ్చింది. ఇక మడిచెయ్యమన్నాను.

ఇట్లు,
నిన్ను కన్న అవ్వ,
కట్టమ్మ వేలిముద్ర