గుండ్రబల్ల దగ్గర ఆఖరి జట్టు

ప్రియమైన అక్కా,

క్షేమం. క్లాసంతటికీ ఒకేసారి చదివించడం మానేశాను. నలుగురేసి పిల్లల్ని కిటికీ పక్కన గుండ్రబల్ల చుట్టూ కూర్చోబెట్టి, వాళ్లకు తగ్గ పుస్తకం ఇచ్చి, పావుగంటసేపు ఒక్కొక్కరిచేత చదివిస్తున్నాను. మిగతావాళ్లు అంతసేపూ చప్పుడు చెయ్యకుండా రాసుకోవాలి. రాసుకోరనుకో.

చదువులో అందరికంటే వెనకబడ్డ ఆఖరి జట్టులో ఒక పిల్ల ఉంది. గొంతు బొత్తిగా చిన్నది, అందుకని పిచ్చుక అంటాను. మొన్నటిదాకా కూడబలుక్కునేది, నెల తిరక్కుండా గడగడా చదివేస్తోంది. చదవలేకపోతే కింది తరగతికి పంపేస్తానన్న హెడ్మిస్ట్రెస్ కూడా విని ఆశ్చర్యపోయింది. నాకు గర్వంగా ఉంది. నీతో కాక ఎవరితో చెప్పుకోను?

నీ పేషెంట్ల పళ్లన్నీ కుశలమని తలుస్తాను.

నీ చెల్లి

అక్కా,

కొంప మునిగింది. జలుబు చేస్తే, పిల్లలకు అంటకూడదని మూడు రోజులు మాస్కు పెట్టుకున్నాను. ఆ మూడు రోజులూ ఆఖరి జట్టులో ఒక్కరూ వాక్యం పూర్తి చెయ్యలేదు. పిచ్చుకైతే నా మొహం కేసి చూస్తూ కూర్చుంది. సంగతి హెడ్మిస్ట్రెస్ చెవిన పడింది. "నెలాఖరుకి నేనే వచ్చి చదివిస్తాను. చదవడం రాకపోతే కింది తరగతే" అంది. మాస్కు చూసి జడుసుకున్నారంటావా?

చెల్లి

ఒసేయ్ పంతులమ్మా,

జడుపూ లేదు, గిడుపూ లేదు. రోజంతా నోళ్లు చూసి బతికేదాన్నే అడిగావు, మంచిపని చేశావు. చిన్నప్పుడు నేను పాఠం అప్పజెబుతుంటే ఎదురుగా కూర్చుని పెదవులు కదిపేదానివి. వినీ వినీ నీకే ముందు వచ్చేసేది. నేను గట్టెక్కానంటే సగం పుణ్యం ఆ పెదవులదే. ఆ అలవాటు నీకింకా పోలేదు. వాళ్లు పుస్తకం చదవడం లేదే, నిన్ను చదువుతున్నారు.

నామీద కోపం వస్తే రానీ. మందులు మానకు.

మీ అక్క

ప్రియమైన అక్కా,

కోపం వచ్చింది. రెండు రోజులుంది. తర్వాత అద్దం ముందు కూర్చుని నీ మరిదిచేత పేపరు పైకి చదివించుకున్నాను. నా పెదవులు కదులుతున్నాయి.

మర్నాటినుంచి పిల్లల వెనక కూర్చున్నాను. తేలిక పుస్తకాలిచ్చాను. తడబడితే మాట అందించకుండా లోపల అయిదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే "మొదటి అక్షరం ఏమిటి?" అని మాత్రం అడిగాను. గడగడలు పోయి కూడబలుక్కోవడం మళ్లీ మొదలైంది. నెలరోజుల గర్వం నీళ్లపాలు. ఒకరోజు స్టాఫ్ రూములో ఏడ్చాను కూడా.

నిన్న హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పిల్లల వెనక కుర్చీ తను తీసుకుని, నన్ను ఎదురుగా కూర్చోమంది. పుస్తకం కొత్తది, నాకు అక్షరాలు తలకిందులు. పిచ్చుక నెమ్మదిగా చదువుతూ మూడో వరుసలో ఆగింది. బొమ్మలో ఏదో జంతువు బరువు మోస్తోంది. నా పెదవులు వాటంతటవే "గుర్రం" అనేశాయి.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. చచ్చాంరా అనుకున్నాను. మళ్లీ పుస్తకంలోకి చూసి, వేలు పెట్టి, "గా...డి...ద" అంది. అలాగే నత్తనడకన పేజీ చివరిదాకా వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ ఈ తరగతిలోనే ఉండేవాళ్ల జాబితాలో దాని పేరు రాసుకుంది.

ఆవిడ తల వంచి రాసుకుంటుండగా పిచ్చుక బల్ల మీదుగా నావైపు వంగి, ఆవిడకు వినపడకుండా, "బొమ్మ చూసి కాదు టీచర్, అక్షరాలు చూసి చదవాలి" అంది.

నీ చెల్లి