గౌరికి రెండోసారి ఆపరేషన్

మంగళవారం, తిరుపతి

నగరి నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల గౌరికి రొమ్ములో గడ్డ ఈరోజు మళ్లీ తీశాను. నిరుడు తీసిందీ నేనే. ఈ వయసులో వచ్చేది మామూలు గడ్డేలే అని, ముందు సూది పరీక్ష కూడా చేయించకుండా గడ్డ మటుకు ఒలిచి తీశాను. తర్వాత రిపోర్టులో ఫిల్లోడిస్ అని వచ్చింది. క్యాన్సర్ కాదు గానీ, అరుదైనది, మళ్లీ పెరిగే రకం. అప్పుడైనా పిలిపించి, చుట్టూ వేలి మందాన కండ తీసేయాల్సింది. చూద్దాంలే అనుకున్నాను. ఈసారి రొమ్ములో పావు వంతు పోయింది.

సాయంత్రం వార్డులో గౌరి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, బరువులెత్తొద్దని మీరు చెప్పినారు గదా. నేను మగ్గం కాడ నూలు మూటలు మోసినాను. దానికేనా మళ్లా వచ్చింది?"

"నీ తప్పేం లేదమ్మా."

"మరి ఎందుకొచ్చింది మేడమ్?"

"కొందరికి అలా వస్తుంది" అని, కట్టు చూసి లేచాను.

తలుపు దాటుతుంటే వెనక వాళ్లమ్మ గొంతు వినిపించింది. "సూసినావా? మేడమ్ మంచిది గాబట్టి నిన్ను ఏమనలేదు. ఇంక మూటలు ముట్టుకుంటే సూడు."

గౌరి "సరేమా" అంది.

నేను వెనక్కి తిరగలేదు.